దీపము క్రింద గాలము

విశాఖపట్నం తీరమున చీకటిపడిన పిదప నిలిచి తూర్పునకు చూచినచో నీటిమీద రెండు రకముల దీపములు కనబడును. దూరమున, ఆకాశము సముద్రము కలియు చోట, కదలక వరుసగా నుండునవి రేవులో చోటుకొరకు లంగరు వేసి కాచుకొనియున్న ఓడల దీపములు. వానికి ఈవల, అలల మాటున దాగి మరల పైకి తేలుచు మినుకుమినుకుమనునవి వేటకు పోయిన పడవల దీపములు. ఓడ దీపము ఓడకొరకే వెలుగును. పడవ దీపమునకు మాత్రము రెండు పనులు ఉండవచ్చును. ఒకటి, ఎదురు వచ్చు ఓడకు తన ఉనికిని తెలుపుట. రెండవది, నీటిలో నున్న ప్రాణిని పైకి పిలుచుట. ఈ రెండవ పనికి చాల పొడుగైన చరిత్ర ఉన్నది. ఆ చరిత్రలో ముఖ్యపాత్ర చేపది కాదు, స్క్విడ్ అను ఒక వింత జంతువుది.

స్క్విడ్ చేప కానేకాదు. నత్త, ఆలిచిప్ప, ముత్యపుచిప్ప చేరిన మొలస్కా వర్గమునకు చెందినది. కాని దాని చుట్టములకున్న గట్టి చిప్ప దీనికి లేదు. చిప్పకు గుర్తుగా వీపులోపల పారదర్శకమైన ఈక వంటి సన్నని పలక ఒకటి మాత్రము మిగిలియున్నది. దీని దగ్గర బంధువైన కటిల్ చేపకు ఆ పలక సున్నపుముద్దగా మందమై యుండును. పచారీ కొట్టులలో సముద్రపు నురుగు అను పేరుతో అమ్మునది అదే. నురుగునకు దానికి ఏ సంబంధమును లేదు. స్క్విడ్‌కు తలనుండియే చేతులు పుట్టును. కనుకనే ఈ జాతులను శీర్షపాదులు అన్నారు. ఎనిమిది పొట్టి చేతులు, వానికి తోడు రెండు పొడుగైన స్పర్శకములు, అన్నిటిమీద అంటుకొను చూషకములు, నడుమ చిలుకముక్కు వంటి నోరు. గుండెలు మూడు. రక్తములో ఇనుమునకు బదులు రాగి యుండుటచేత, ప్రాణవాయువు కలిసినప్పుడు ఆ రక్తము నీలముగా కనబడును. ఒడలిని కప్పియున్న ప్రావారమును నీటితో నింపి, ఆ నీటిని తల క్రింది గొట్టమునుండి ఒక్కుమ్మడిగా చిమ్మి, ఆ తోపుతో వెనుకకు దూసుకొనిపోవును. రాకెట్టు నడచు సూత్రమును మానవుడు నేర్చుటకు కోట్ల సంవత్సరములు ముందే ఇది వాడుకొనుచున్నది.

మన తీరములలో విస్తారముగా దొరకునది భారతీయ స్క్విడ్ అని వ్యవహరింపబడు జాతి. దాని నేటి శాస్త్రనామము యూరోట్యూథిస్ డువాసెలీ. పాత గ్రంథములలో లోలైగో డువాసెలీ అని యుండును. 1835లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు డార్బినీ దీనిని వర్ణించి పేరు పెట్టెను. ఆ పేరులోని డువాసెల్ సుప్రసిద్ధ జంతుశాస్త్రజ్ఞుడైన కువియేకు సవతి కుమారుడు. ప్యారిస్ మ్యూజియము కొరకు జంతువులను సేకరించుటకు యువకుడుగా భారతదేశమునకు వచ్చి, బెంగాలునందును సుమత్రాయందును తిరిగి, స్వదేశమునకు మరలి పోకుండగనే 1824లో మద్రాసులో మరణించెను. అప్పటికతని వయస్సు 31 సంవత్సరములు. విశాఖ బజారులో తట్టలో పోసి అమ్ము ఈ ప్రాణి పేరులో అతని పేరు ఇంకను నిలిచియున్నది. బేరమాడువారికి అది తెలియదు, తెలియవలసిన అవసరమును లేదు.

స్క్విడ్ దీపమువద్దకు ఎందుకు వచ్చును? శలభము దీపమునకు వచ్చినట్లు వచ్చునని చాలకాలము అనుకొనిరి. విషయము అంత సులభము కాదు. స్క్విడ్ పగలు లోతున ఉండి రాత్రి పైకి వచ్చును. దాని ఆహారమైన చిన్న చేపలు, రొయ్య జాతులు, వానికి ఆహారమైన ప్లవకములు రాత్రిపూట పైకి వచ్చుటయే అందుకు కారణము. దీపము వెలిగించినచో ముందుగా ఆ చిన్న ప్రాణులు చేరును. వానిని వెదకుచు స్క్విడ్ వచ్చును. అయితే అది వెలుగు నడిబొడ్డునకు రాదు. పడవ నీడ నీటిలో పడిన చోట, వెలుగు చీకటి కలియు అంచున నిలిచి, వెలుగులోని ఎర మీదికి దూకి, మరల నీడలోనికి పోవును. గాలము వేయువాడు ఆ అంచునే చూచుకొని గాలము దింపవలెను. తెల్లని వెలుగులో దింపినవానికి తక్కువ పడును.

స్క్విడ్ కన్ను నిర్మాణమునందు మానవుని కంటిని పోలియుండును. కటకము, కనుపాప, వెనుక తెర అన్నియు ఉన్నవి. వెన్నెముక లేని జంతువులలో ఇంత చక్కని కన్ను అరుదు. కాని పెక్కు జాతులకు ఆ కంటిలో ఒకే విధమైన దృష్టివర్ణకము ఉండుటచేత రంగుల భేదము తెలియదు. ఆ వర్ణకము నీలము ఆకుపచ్చ నడుమనున్న కాంతిని ఎక్కువగా పీల్చుకొనును. సముద్రపు నీటిలో మిక్కిలి దూరము పోగల కాంతియు అదియే. కాబట్టి ఎర్రని దీపము కంటె నీలి ఛాయ కలిగిన దీపము మేలు. వెన్నెల రాత్రులలో వేట సన్నగిల్లుటకు కూడ ఇందుననే కారణము కనబడుచున్నది. సముద్రమంతయు వెలుగుగానున్నప్పుడు పడవ దీపమునకు ప్రత్యేకత పోవును, ఎర ప్రాణులు ఒకచోట గుమిగూడవు. అమావాస్యకు అటునిటు నాలుగైదు రాత్రులు దీపపు వేటకు అనుకూలమని ప్రపంచమందలి జాలరులందరు అనుభవముచేత ఎరిగియున్నారు. ఎవరు ఎవరికి నేర్పలేదు.

నిప్పు చూపి రాత్రి వేటాడు పద్ధతి మిక్కిలి ప్రాచీనము. క్రీస్తునకు పూర్వము నాలుగవ శతాబ్దమున ప్లేటో తన సోఫిస్టు అను సంభాషణలో వేటలను విభజించుచు, రాత్రి మంటవెలుగున చేపలను పొడుచు వేటను వేరొక తెగగా పేర్కొనెను. ఒక తత్త్వవేత్త ఉదాహరణగా చెప్పుటకు తగినంత సామాన్యమైన వృత్తిగా అది నాటికే యుండెనన్నమాట. మధ్యధరా తీరమున ఈ వేట కాగడానుండి ఆముదపు దీపమునకు గాక, ఒలీవనూనె దీపమునకును, పిదప ఎసిటిలీను దీపమునకును మారెను. కార్బైడు గడ్డలమీద నీరు చుక్కలుగా పడినప్పుడు పుట్టు ఆ వాయువు కండ్లు మిరుమిట్లు గొలుపునట్లు మండును. మన పల్లెలలో జాతరలకు, పెండ్లి ఊరేగింపులకు వాడిన గ్యాసులైటులలో కొన్ని ఈ కుటుంబమునకు చెందినవే.

ఈ విద్యను పరాకాష్ఠకు తీసికొనిపోయినవారు జపానువారు. దక్షిణ జపానులోని సత్సుమా ప్రాంతమునను, అమామి దీవులలోను ఒక కథ చెప్పుకొందురు. రాత్రి పడవలోనున్న జాలరి చేతి కాగడానుండి కాలిన కొరివి ఒకటి నీటిలో పడగా స్క్విడ్ దానిని రొయ్య అనుకొని కౌగిలించుకొన్నదట. కథ నిజమైనను కాకపోయినను, ఎగి అను చెక్కరొయ్య ఆ ప్రాంతమున పుట్టినదనుట నిజము. రెండు శతాబ్దములకు మించిన వయస్సు గల ఆ వస్తువు చాల చిన్నది. చెక్కను రొయ్య ఆకారమున చెక్కి, మెడ దగ్గర సీసము పొదిగి, తోకవద్ద గొడుగు పుల్లలవలె పైకి వంగిన సూదులు గ్రుచ్చుదురు. కొన్నిటిని నిప్పుమీద కాల్చి మచ్చలు కల్పించెడివారు. ఆ సూదులకు చేపగాలమునకు వలె ముల్లు ఉండదు. స్క్విడ్ ఎరను మ్రింగదు, చేతులతో పట్టుకొనును. పట్టుకొన్న చేతులు సూదులలో చిక్కును. త్రాడును సడలనీయక లాగినంతసేపు అది ఊడదు. ఒక్క క్షణము సడలినచో ముల్లులేని సూది కనుక జారిపోవును. ఈ చిన్న లెక్కలోనే వేటగాని నేర్పు అంతయు ఉన్నది.

ఇరువదవ శతాబ్దమున ఈ వేట పరిశ్రమగా పెరిగినది. విద్యుద్దీపములు వచ్చినవి, చేతిత్రాడునకు బదులు యంత్రము చుట్టు గిలకలు వచ్చినవి, పిదప లోహపు హాలైడు దీపములు వచ్చినవి. ఒక్కొక్క ఓడమీద వంద కిలోవాట్లకు మించిన దీపములు తోరణముగా వ్రేలాడదీయసాగిరి. 1970లలో అమెరికా వాతావరణ ఉపగ్రహములు రాత్రివేళ తీసిన ఛాయాచిత్రములలో జపాను సముద్రము నడుమ పట్టణములకంటె కాంతివంతములైన తెల్లని మచ్చలు కనబడినవి. అక్కడ పట్టణములు లేవు. పరిశీలించగా అవి స్క్విడ్ వేట ఓడలని తేలినది.

ఇక మన సంగతి. మద్రాసు ప్రభుత్వమున మత్స్యశాఖకు పునాది వేసిన సర్ ఫ్రెడరిక్ నికల్సన్ ఇరువదవ శతాబ్దారంభమున జపానుకు పోయి, అక్కడి చేపల వేటను పరిశీలించి, 1907లో ఒక నివేదికను ప్రకటించెను. అదే సంవత్సరమున మద్రాసులో మత్స్యశాఖ ఏర్పడినది. పశ్చిమ దేశముల ఆవిరి ట్రాలర్లను తెచ్చి మన జాలరుల నెత్తిన పెట్టుటకంటె చిన్న పడవలతో అద్భుతములు చేయుచున్న జపానును చూచుట మేలని ఆయన తలపు. నికల్సన్ తరువాత ఆ శాఖను నడపిన జేమ్స్ హార్నెల్ కోరమండల తీరముననున్న పడవలను, వలలను, గాలములను 1920లలో వివరముగా వర్ణించి వ్రాసెను. విశాఖ ప్రాంతపు తెప్పల నిర్మాణమును గూర్చి మనకున్న పాత శాస్త్రీయ వర్ణనలకు ఆయనయే ఆధారము.

స్క్విడ్‌ను గూర్చిన శాస్త్రీయ కృషిలో మొదటి పెద్ద అడుగు ఒక తెలుగువాడు వేసినది. కె. వీరభద్రరావు 1954లో ఇండియన్ జర్నల్ ఆఫ్ ఫిషరీస్ మొదటి సంపుటములోనే పాక్ జలసంధి ప్రాంతపు స్క్విడ్ జీవితమును, వేటను గూర్చి దీర్ఘమైన వ్యాసమును ప్రకటించెను. అది వెడల్పయిన రెక్కలు గల జాతి. నేడు సెపియోట్యూథిస్ లెసోనియానా అందురు. జపానులో ఎగికి ముఖ్యముగా పడునది కూడ ఈ జాతియే. మన దేశమున దాని ఉనికిపట్టు రామేశ్వరము, మండపము ప్రాంతముల పచ్చిక పెరిగిన నిస్తరంగమైన నీరు. విశాఖపట్నమునకు ఆ భాగ్యము లేదు.

ఎందుకనగా విశాఖ సముద్రము వేరు. ఇక్కడి ఒడ్డున అలలు మూడు నాలుగు వరుసలుగా విరుగును. ఆ నురుగును దాటిపోవుటకే తెప్ప పుట్టినది. తేలిక దుంగలను త్రాళ్ళతో కట్టిన ఆ సాధనమునకు నీరెక్కుట అను భయము లేదు, ఎక్కిన నీరు దుంగల సందులనుండి దిగిపోవును. తీరమునుండి నేరుగా గాలము వేయువానికి మాత్రము ఈ నురుగు పెద్ద అడ్డంకి. స్క్విడ్ కంటితో వేటాడు జంతువు కనుక బురద నీటికి, ఇసుక కలగిన నీటికి దూరముగా నుండును. నదులు కలియు చోటుల ఉప్పదనము తగ్గిన నీరు దానికి పడదు. గోదావరి, కృష్ణ ముఖద్వారములతో పోల్చినచో విశాఖకు ఒక మేలున్నది. ఇక్కడ కొండలు సముద్రములోనికి చొచ్చుకొని వచ్చినవి, దగ్గరలో పెద్ద నది లేదు. యారాడనుండి భీమునిపట్నమువరకు అక్కడక్కడ రాతిబండల మొదట లోతు నీరున్నది. అయినను వర్షకాలమున, ఆ తరువాత ఉత్తరమునుండి మహానది, గంగల మంచినీటిని మోసికొని తీరప్రవాహము దక్షిణమునకు దిగు మాసములలో, ఒడ్డు గాలము వట్టి చేతులతో తిరిగివచ్చుట ఎక్కువ.

ఈ నీటి మర్మమును శాస్త్రీయముగా విప్పిన పని వాల్తేరులోనే జరిగినది. అమెరికా సముద్రశాస్త్రజ్ఞుడు యూజీన్ లాఫాండ్ 1952-53లో ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వచ్చి, అధ్యాపకులను విద్యార్థులను వెంటబెట్టుకొని తీరము వెంబడి నీటి ఉష్ణోగ్రతలను, ఉప్పదనమును కొలిచెను. వేసవి మొదలగు వేళ నైరుతి గాలులు తీరము వెంట వీచునప్పుడు పై నీరు దూరముగా తొలగిపోయి, అడుగునుండి చల్లని నీరు పైకి ఉబుకుచున్నదని ఆయన చూపెను. అడుగు నీటిలో ఎరువు వంటి లవణములున్నవి. అవి పైకి వచ్చి వెలుగు తగిలినచో ప్లవకములు పెరుగును, వానివెంట చిన్న చేపలు, చేపలవెంట స్క్విడ్. విశ్వవిద్యాలయపు జంతుశాస్త్ర శాఖలో ఆచార్య పి. ఎన్. గణపతి నాయకత్వమున లాసన్స్ బే ప్లవకములను ఏడాది పొడుగున పరిశీలించిన కృషి ఈ గొలుసులో మరియొక లంకె.

తెప్పవారికి స్క్విడ్ తెలియదని అనుకొనరాదు. తెలియును, కాని తినుటకంటె ఎరగా ఎక్కువ తెలియును. వంజరము వంటి పెద్ద చేపలకు వేయు గాలమునకు స్క్విడ్ ముక్క మంచి ఎర. గట్టి మాంసము కనుక నీటిలో నానినను గాలమునుండి జారదు, తెల్లగానుండుటచేత దూరమునకు కనబడును. దేశమంతటా శీర్షపాదులకు ఆనాడున్న గౌరవము అంతే. అటువంటి జంతువు మేజోళ్ళు తొడిగిన చేతులతో శుభ్రము చేయబడి మంచుపెట్టెలలో ఓడలెక్కునని ఎవరును ఊహింపలేదు.

ఆ మార్పునకు ముందు రేవు రావలెను. ఓడరేవు లేకమునుపు విశాఖవద్ద ఓడలు దూరముగా నిలిచెడివి. సరకులను కుట్టుపడవలలో ఒడ్డునకు చేర్చెడివారు. 1933 అక్టోబరు 7న జలదుర్గ అను స్వదేశీ ఓడ క్రొత్త రేవులో ప్రవేశించెను. ఆ యేడు డిసెంబరులో వైస్రాయి విల్లింగ్డన్ రేవును లాంఛనముగా ప్రారంభించెను. ఈ నిర్మాణములో చిత్రమైన ఘట్టము ఒకటి ఉన్నది. రేవు ముఖమున అలల తాకిడిని, ఇసుక మేటను ఆపుటకు జేనస్, వెలెస్డన్ అను రెండు పాత ఓడలను డాల్ఫిన్స్ నోస్ కొండ చెంత రాళ్ళతో నింపి ముంచివేసిరి. ఆ మునిగిన ఓడలే అడ్డుకట్టకు పునాది అయినవి. ఇసుక తప్ప మరియేమియు లేని సముద్రపు టడుగున ఇనుము, రాయి వచ్చి చేరినచో వానిని పట్టుకొని నత్తగుల్లలు, నాచు పెరుగును. ఆ సందులలో చిన్న చేపలు కాపురము పెట్టును. అడుగున అతుక్కొని గ్రుడ్లు పెట్టు శీర్షపాదులకు గట్టి ఆధారము దొరకును. ఇంజనీరులు అలలను ఆపుటకు చేసిన పని తెలియకయే జలచరములకు ఒక వీధిని కట్టి ఇచ్చినది. గోడలమీద రాత్రియంతయు వెలుగు దీపములు అందుకు తోడైనవి. 1970లలో వెలుపలి రేవు కట్టినప్పుడు ఆ గోడలు మరింత సముద్రములోనికి సాగినవి. ఆ రేవునుండి జపానుకు ఇనుపఖనిజము పోయెను.

ప్రపంచమందు రేవుగోడలు, వంతెనలు స్క్విడ్ గాలము వేయువారికి ప్రియమైన స్థానములగుటకు కారణము ఇదియే: లోతు నీరు, నిలకడ దీపము, పక్కనే నీడ. విశాఖలో మాత్రము ఓడలు నిలుచు గట్లు రక్షణలోనున్న స్థలములు. పక్కనే నౌకాదళపు స్థావరము ఉన్నది. అక్కడ ఎవరికిబడితే వారికి ప్రవేశము లేదు. ప్రపంచమందు సామాన్యుని వినోదమైన వేట ఇక్కడ రాతిబండలమీదికి, జాలరి పడవమీదికి పోవలసివచ్చినది. కేరళలోని విళింజము జాలరులు ఇట్టి పడవ వేటలో ఆరితేరినవారు. చేతిత్రాడుతో, స్క్విడ్ కొరకు ప్రత్యేకముగా చేసిన సూదిగుత్తులతో వారు స్క్విడ్‌ను, కటిల్ చేపను పట్టుదురు. ఒక్కొక్కటిగా పట్టినది చర్మము చెడక వచ్చును కనుక వలలో నలిగిన దానికంటె దానికి ధర ఎక్కువ.

విశాఖలో స్క్విడ్‌కు దశ తిరిగినది గాలముతో కాదు, రొయ్యతో. 1970లలో మెక్సికోనుండి తెచ్చిన పెద్ద ట్రాలర్లు ఇక్కడికి చేరినవి. 1976లో చేపల రేవు పని ప్రారంభించినది. ట్రాలర్లు ఉత్తరమున బెంగాలు ముఖమందలి శాండ్‌హెడ్స్ వరకు పోయి రొయ్యలను ఊడ్చి తెచ్చెను. ఆ వలలలో రొయ్యతోపాటు ఎత్తివేయబడిన తక్కిన ప్రాణులను మంచుగదిలో చోటు చాలదని సముద్రములోనే పారవేసెడివారు. అందులో స్క్విడ్ కూడ ఉండెను. రొయ్య దిగుబడి తగ్గుచు, ఐరోపా దేశములనుండి, తూర్పు దేశములనుండి స్క్విడ్‌కు, కటిల్ చేపకు బేరము పెరుగుచు వచ్చిన కొలది ఆ పారవేత ఆగిపోయినది. 1970ల మొదట దేశమంతటా యేటా కొద్ది వేల టన్నులు మించని శీర్షపాదుల పట్టు 1990లలో లక్ష టన్నులు దాటినది. 1985లో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఈ జంతువులకే ఒక సంపుటమును కేటాయించి ప్రకటించుట ఈ మార్పునకు గుర్తు.

ఆ పట్టులో తెలుగువారి చెమట ఎంత ఉన్నదో లెక్కలలో కనబడదు. శ్రీకాకుళము, విజయనగరము తీర గ్రామములనుండి జాలరులు యేటా గుజరాతునందలి వేరావల్‌కు పోయి ట్రాలర్లమీద కూలికి పనిచేయుదురు. ఆ తీరపు వలలలో స్క్విడ్, కటిల్ చేప ముఖ్యమైన భాగము. 2018 నవంబరులో అట్లు పోయినవారు సరిహద్దు దాటిరని పాకిస్తాను పట్టుకొన్నది. వారిలో 20 మంది 2020 జనవరి 6న వాఘా వద్ద విడుదలై ఇల్లు చేరిరి. తమ ఊరిముందున్న సముద్రమును విడిచి అంతదూరము ఎందుకు పోవలసివచ్చెనను ప్రశ్నకు సమాధానము కొంత ఈ దీపముల కథలోనే ఉన్నది. ఒడ్డుననున్న చిన్న పడవకు మిగులు పట్టు నానాటికి తగ్గుచున్నది.

ఇటీవలి దశాబ్దములలో ఎల్.ఇ.డి. దీపములు వచ్చినవి. పూర్వము వంద కిలోవాట్ల జనరేటరు కావలసిన వెలుగును చిన్న ఇంజను ఇయ్యగలదు. దీపమును నీటిలోపలికే దింపవచ్చును. ఈ వెలుగును సూదిగుత్తికి గాక వలకు జతపరచినప్పుడు చిక్కు వచ్చినది. గాలము ఒకసారికి ఒక స్క్విడ్‌ను పట్టును, అదియు ఎరమీదికి దూకగల వయస్సు వచ్చినదానిని. దీపము క్రింద చేరిన సమస్తమును, పిల్లను పెద్దను, కావలసినదానిని కానిదానిని చుట్టివేయునది వల. స్క్విడ్ విషయమున ఈ భేదము మరింత తీవ్రమైనది. భారతీయ స్క్విడ్ ఆయుర్దాయము సుమారు ఒక సంవత్సరము. దాని చెవిరాళ్ళ వంటి సున్నపు కణికలలో దినమునకు ఒకటి చొప్పున ఏర్పడు వలయములను లెక్కించి శాస్త్రజ్ఞులు వయస్సు తెలిసికొందురు. గ్రుడ్లు పెట్టిన పిదప ఆడది ఎక్కువ కాలము బ్రతుకదు. పదేండ్లు బ్రతుకు చేపలలో ఒక యేడు పిల్లలు పోయినను పాతవి మిగిలి మరల పెట్టును. స్క్విడ్‌కు పాతవి అను మాట లేదు. ఈ యేటి గ్రుడ్లే వచ్చే యేటి వేట.

2017 నవంబరు 10న కేంద్ర ప్రభుత్వము, తీరమునుండి 12 నాటికల్ మైళ్ళకు ఆవలనుండి 200 మైళ్ళ వరకు గల మన ఆర్థిక మండలములో ట్రాలు, పర్సీను, గిల్‌నెట్టు వేటలకు దీపములను వాడరాదని, జంట ట్రాలింగు చేయరాదని ఉత్తర్వు చేసినది. పన్నెండు మైళ్ళ లోపలి నీరు రాష్ట్రముల అధికారములోనిది. ఆంధ్రప్రదేశ్‌కు 1994 నాటి సముద్ర మత్స్య నియంత్రణ చట్టమున్నది. ఇవి గాక ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు తూర్పు తీరమున మరబోట్ల వేటకు సెలవు. సముద్రములో రాత్రివేళ ఉత్తర్వును అమలుపరచుట చెప్పినంత సులభము కాదు. దూరమునుండి చూచువానికి దారిదీపము, వేటదీపము ఒకటిగానే కనబడును. ఒకడు వెలిగించి ఎక్కువ పట్టెనని తెలిసినచో పక్కవాడు చీకటిలో కూర్చుండుటకు ఇష్టపడడు. చిన్న తెప్పవాడు ఈ పోటీలో దీపము కొనలేడు, కొన్నవానితో పోరాడలేడు. పశ్చిమ తీరమున ఈ విషయమై జాలరుల నడుమ కలహములు రేగినవి.

గాలమువాని పని దీనికి ఎంత భిన్నమో ఒక్కమారు చూచినచో బోధపడును. గాలి నిలిచిన చీకటి రాత్రి, నీరు తేటగానున్నప్పుడు, సూదిరొయ్యను విసరి అడుగు తాకువరకు దింపవలెను. పిదప త్రాడును రెండు మూడు మార్లు చురుకుగా ఎగలాగి, మరల ఊరకుండవలెను. ఎర పైకి ఎగిరినప్పుడు స్క్విడ్ చూచును. మెల్లగా దిగునప్పుడు పట్టును. పట్టిన సంగతి చేతికి చేప కొట్టినట్లు తెలియదు. త్రాడు బరువెక్కినట్లు, తడిగుడ్డ తగిలినట్లు తెలియును. అప్పుడది వెనుకకు చిమ్ముకొనిపోవ జూచును. ఆ చిమ్ముటకు ఆజ్ఞ మోసికొనిపోవు నాడీతంతువు జంతులోకమందలి మిక్కిలి లావైన తంతువులలో ఒకటి, దాదాపు ఒక మిల్లీమీటరు మందము. 1936లో జె. జెడ్. యంగ్ దాని ప్రాముఖ్యమును చాటగా, 1939లో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ ఇంగ్లండులోని ప్లిమత్‌లో ఆ తంతువులోనికి విద్యుత్ తీగను దూర్చి నాడిలో వార్త నడచు విధమును కొలిచిరి. 1963లో వారికి నోబెల్ బహుమానము లభించినది. నాడులు పనిచేయు తీరును గూర్చిన తొలి లెక్కలలో ముఖ్యమైనవి గాలమునుండి తప్పించుకొన జూచు ఈ నరమునుండి వచ్చినవే. పైకి తీసినవెంటనే మూతిని సముద్రమువైపు త్రిప్పి పట్టుకొనవలెను. లేనిచో సిరాతిత్తిలోని నలుపంతయు చొక్కామీద పడును. ఆ మరక సబ్బునకు పోదు.

తెల్లవారుజామున విశాఖ చేపల రేవులో బోట్లు ఒడ్డు చేరి వేలము మొదలగును. సరంగులు, కూలీలు, తట్టలతో స్త్రీలు, మంచు బండ్లు. స్క్విడ్ తట్టలను వేరుగా పెట్టుదురు. వలలో నలిగినవి పాలిపోయి తెల్లగా, చర్మము చిరిగి యుండును. గాలమున పడినవి ఎర్రని చుక్కలతో నిగనిగలాడును. స్క్విడ్ చర్మములో రంగుతిత్తులు వేలకొలది యుండును. ఒక్కొక్క తిత్తిచుట్టు సన్నని కండరములు బండిచక్రపు ఆకులవలె అమరి, లాగినప్పుడు తిత్తి విప్పారి రంగు కనబడును, వదలినప్పుడు చుక్కగా ముడుచుకొనును. జంతువు చచ్చిన పిదప కూడ ఆ కండరములు కొంతసేపు ఊరకుండవు. తట్టమీద వేలంపాట సాగుచుండగా, రాత్రి దీపము చూచి వచ్చిన ఆ ఒడలిపై ఎర్రని చుక్కలు ఇంకను విప్పుకొనుచు ముడుచుకొనుచు ఉండును.